సోలో

ఆ ఎక్సెల్ షీట్ ఇప్పటికీ నా లాప్‌టాప్‌లో ఉంది, తీసేయబుద్ధి కాదు. మూర్ఖత్వం అంత ముచ్చటగా, గళ్ళు కొట్టి, రంగులు వేసి ఉండటం నేనింకెక్కడా చూడలేదు. మొదటి గడిలో ఊరు, రెండోదాంట్లో దూరం, మూడోదాంట్లో వేగం, నాలుగోదాంట్లో చేరే సమయం. పెట్రోలుకు ఆకుపచ్చ, పడకకు నీలం, వీడియో తీసే చోట్లకు పసుపు. నార్స్‌మన్ నుంచి బాలడోనియా 191 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి కైగూనా 182, తర్వాత కాకిల్‌బిడ్డీ 65, మదూరా 91, మండ్రబిల్లా 116. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని ఏడో తరగతిలో లెక్కల సారు చెప్పారు. ఎదురుగాలి సంగతి సారు చెప్పలేదు. నేనూ అడగలేదు.

పెర్త్‌లో ఉద్యోగం నాది. గనుల్లో పనిచేసేవాళ్ళకు షిఫ్టులు వేసే సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఎవరు ఏ ఊళ్ళో విమానం ఎక్కాలి, ఏ టైమ్ జోన్‌లో దిగాలి, ఎన్ని గంటలకు డ్యూటీ ఎక్కాలి అన్నదే రోజంతా నా పని. ఈ ముక్క కొంచెం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా పరువు తీయడానికి పనికొస్తుంది.

నలభై దాటాక మనవాళ్ళ ఇళ్ళల్లో భోజనాలకు వెళ్తే ఒక్కొక్కరూ ఒక్కొక్క ఘనకార్యం చెబుతారు. ఒకాయన ఎవరెస్టు బేస్ క్యాంపు దాకా వెళ్ళొచ్చాడు. ఇంకొకావిడ మారథాన్ పరుగెత్తింది. నా దగ్గర ఇంటి అప్పు తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. అలా పుట్టింది పెర్త్ నుంచి అడిలైడ్ దాకా మోటారు సైకిల్ మీద ఒంటరిగా వెళ్ళాలన్న సంకల్పం. దాదాపు 2,700 కిలోమీటర్లు. మధ్యలో నల్లర్‌బోర్ మైదానం. బండి మన మద్రాసులో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. ట్యాంకు 13.7 లీటర్లు. ఊళ్ళో తిరిగేటప్పుడు లీటరుకు పాతిక ఇస్తుంది కాబట్టి షీట్‌లో పాతికే వేశాను.

ఇంట్లోవాళ్ళకు పాము భయం. అందుకని పాముకాటుకు కట్టే పట్టీలు కొన్నాను. నాలుగు కెమెరా బ్యాటరీలు, ట్రైపాడ్, సోలార్ చార్జర్ సర్దుకున్నాను. ఐదు లీటర్ల పెట్రోలు డబ్బా ఒకటి వెనక కట్టుకోమని బండి సర్వీసు చేసే కుర్రాడు చెప్పాడు. అది ఎర్రగా, ప్లాస్టిక్‌ది, పాలవాడి డబ్బాలా ఉంది. వీడియోలో బాగుండదు. వద్దన్నాను.

బాలడోనియా బంకు దగ్గర ఒక చిన్న మ్యూజియం ఉంది. అందులో స్కైలాబ్ కథకూ చోటిచ్చారు. 1979 జులైలో ఆ అంతరిక్ష కేంద్రం ముక్కలై పడింది ఈ చుట్టుపక్కలే. రోడ్డు మీదా పొలాల్లోనూ చెత్త పారేసినందుకు ఎస్పెరాన్స్ స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా కూడా రాసింది. నాసా కట్టలేదు. ముప్ఫై ఏళ్ళకు, 2009లో, అమెరికాలో ఒక రేడియో ఆయన శ్రోతల దగ్గర పోగుచేసి కట్టాడు. అక్కణ్ణుంచి బాపుకు ఫోన్ చేశాను. కరీంనగర్‌లో ఆయన భోంచేసి కూర్చున్నాడు.

"అదా! గా స్కైలాబ్ జెయ్యబట్టి మా బాపు రెండు మేకల్ని కోపిచ్చి వాడకట్టుకంత పంచిండు. ఎట్లాగు సచ్చిపోతమాయె, ఎందుకు మిగిలియ్యాలె అని. పొద్దుగాల లేస్తే అందరం ఉన్నం, మేకలు లేవు."

మా వైపు ఊళ్ళల్లో ఇలాంటి కథలు ఇంటింటికీ ఉన్నాయి. 2021లో ఆ పేరుతోనే ఒక తెలుగు సినిమా వచ్చింది. నేను నవ్వి ఫోన్ పెట్టేశాను. పడిందొక చోట, భయపడిందింకొక చోట. తాత మేకల్ని పోగొట్టుకున్నాడు. మనవడు పాముకు పట్టీలు కొని, పెట్రోలు డబ్బా వదిలేసి వచ్చాడు. వంశంలో ఉన్నదే.

బాలడోనియా దాటాక వచ్చే తిన్నని రోడ్డు గురించి అందరూ చెబుతారు. 146.6 కిలోమీటర్లు ఎక్కడా వంపు లేదు. మొదట్లో బోర్డు, చివర్లో బోర్డు, మధ్యలో మనిషి బుర్ర. అక్కడ గొప్ప ఆలోచనలు వస్తాయని, వాటిని హెల్మెట్‌లో మైకు పెట్టి రికార్డు చేద్దామని పథకం. తర్వాత విన్నాను. సగం దూరం బాత్రూమ్ టైల్స్ రేటు గురించి నాలో నేను గొణుక్కున్నాను. మిగతా సగం చిన్నప్పటి సబ్బుల ప్రకటనల పాటలు. ఎదురుగా రోడ్ ట్రైన్ వచ్చినప్పుడు మాత్రం నోరు మూతపడేది. రెండు పెద్ద ట్రైలర్లు తగిలించిన ఆ లారీలు 36 మీటర్ల పొడవుంటాయి. అది పక్కనుంచి పోయిన అరక్షణానికి గాలి వచ్చి ఛాతీ మీద చరుస్తుంది. ముందే తల ట్యాంకు మీదికి వంచాలి. ఇంకొక మర్యాద కూడా నెమ్మదిగా నేర్చుకున్నాను. ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపుతాడు, అంతే. నేను మొదట్లో పెళ్ళివారిని ఆహ్వానించినట్టు చెయ్యంతా ఊపాను.

అసలు బాధ ఏమిటంటే, ఎడారి ఎడారిలా లేదు. నేను జైసల్మేర్ పాటల సినిమాలు చూసి పెరిగినవాణ్ణి. ఇక్కడ ఇసుక లేదు. దాదాపు రెండు లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాయి పలక, ఒకప్పటి సముద్రం అడుగు. వానపడితే నీళ్ళు రాతి పగుళ్ళలోకి దిగిపోతాయి, కింద గుహలు, పైన ఒక్క వాగు కూడా లేదు. మోకాలెత్తు ఉప్పుపొదలు, బూడిద కలిసిన నీలం రంగులో, ఆకాశం అంచు దాకా. నిలబడి చూస్తే కాళ్ళు వణికేంత విశాలం. కెమెరాలో చూస్తే ఖాళీ లేఅవుట్‌లా ఉంది, ప్లాట్లు అమ్మకానికి పెట్టినట్టు.

ఇసుక కావాలి కాబట్టి యూక్లాలో హైవే దిగాను. అక్కడ సముద్రం వైపు 1877 నాటి టెలిగ్రాఫ్ ఆఫీసు శిథిలం ఉంది. ఒకప్పుడు దాని చుట్టూ ఊరు ఉండేది. 1890లలో కుందేళ్ళ దండు వచ్చి ఇసుకను పట్టి ఉంచే గడ్డీ పొదలూ మేసేసింది. ఇసుక కదిలి ఇళ్ళ మీదికొచ్చింది. ఇప్పుడు రాతి గోడలు నడుము లోతు ఇసుకలో, కప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. గొప్ప చోటు, నిజంగా. గోడ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడాల్సిన చోటు. నేను చేసిందేమిటంటే, రోడ్డు టైర్లున్న బండిని మెత్తటి ఇసుకలోకి తోసి, వెనక చక్రం సగం దిగబడిపోతే చేతులతో తవ్వి, ఆ తవ్వడాన్ని కూడా రెండు వైపుల నుంచి వీడియో తీశాను.

పైకి వచ్చేసరికి ఆలస్యమైంది. బంకు ముందు ఆగాను. పెట్రోలు ధర మండ్రబిల్లాలో పోయించుకున్నదాని కంటే ఎక్కువగా ఉంది. కెమెరా ఆన్ చేసి, "ఫ్రెండ్స్, ఇది దోపిడీ కాదా?" అని అడిగాను. ఆ పెట్రోలు వందల కిలోమీటర్లు ట్యాంకర్‌లో వస్తుందని, ఆ పంపు తిరగడానికి, ఆ ఫ్రిజ్‌లో నా కోక్ చల్లగా ఉండటానికి వెనకాల జనరేటర్ రాత్రింబవళ్ళు ఆడుతుందని నాకు తెలుసు. మైదానంలో రోడ్డు పక్కన మనుషులున్నారంటే ఈ బంకుల వల్లనే. తెలిసీ అన్నాను. షీట్ తెరిచి చూశాను. మండ్రబిల్లా నుంచి నల్లర్‌బోర్ బంకు దాకా 262 కిలోమీటర్లు, ట్యాంకుకు 340 వస్తుంది, గడి ఆకుపచ్చగానే ఉంది. పోయించుకుంటే అదనంగా అయ్యేది పెర్త్‌లో సగం కాఫీ ఖరీదు. మిగిల్చాను.

బోర్డర్ విలేజ్ దాటితే దక్షిణ ఆస్ట్రేలియా. ఆ తర్వాత దాదాపు 180 కిలోమీటర్ల దాకా పంపు లేదు. రోడ్డు సముద్రం అంచునే పోతుంది. పక్కకు తిరిగి కొంచెం లోపలికెళ్తే భూమి హఠాత్తుగా తెగిపోయి, కింద అలలు కొండ పాదాన్ని కొడుతూ కనిపిస్తాయి. ఒక చోట చూసి ఊరుకున్నా సరిపోయేది.

మోటారు సైకిల్ వీడియోల్లో, దూరం నుంచి బండి వచ్చి కెమెరా ముందు నుంచి దూసుకుపోయే దృశ్యం మీరు చూసే ఉంటారు. ఒంటరి ప్రయాణంలో అది ఎవరు తీశారని ఎప్పుడైనా ఆలోచించారా? వాడే తీస్తాడు. ట్రైపాడ్ పెట్టి, ఒకటిన్నర కిలోమీటరు వెనక్కి పోయి, తిరిగి దూసుకువచ్చి, అంతే దూరం ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ట్రైపాడ్ ఏరుకుంటాడు. చూస్తే అప్పటిదాకా లెన్సు మీద ఈగ కూర్చుని ఉంటుంది. మళ్ళీ మొదలు. నా షీట్‌లో ఈ దూరానికి గడి లేదు. ఇక గాలి. పొద్దున్నుంచి తూర్పు నుంచి ఎదురుగా కొడుతోంది. వంద వేగంలో పోవాలంటే బండి నూట ముప్ఫైకి ఊపిరి బిగపట్టినట్టు రొప్పుతోంది. ఆ రొద నాకు సాహసంలా వినిపించింది. అది పెట్రోలు తాగుతున్న చప్పుడు.

ఇక గడియారం. యూక్లా చుట్టుపక్కల నాలుగైదు బంకుల వాళ్ళు తమకంటూ ఒక సమయం పెట్టుకున్నారు, పెర్త్ కంటే 45 నిమిషాలు ముందు. చట్టంలో దానికి గుర్తింపు లేదు, అయినా అక్కడ గోడ గడియారాలన్నీ అదే చెబుతాయి. సరిహద్దు దాటితే ఇంకొక 45 నిమిషాలు. ప్రోగ్రామర్లకు ఇలాంటి చోట ఒక సూత్రం ఉంది: లోపల లెక్కంతా ఒకే సమయంలో ఉంచు, అయోమయం ఉండదు. వాచీని పెర్త్ సమయం మీదే ఉంచేశాను. ఏప్రిల్ నెల, ఈస్టర్ సెలవులు. పెర్త్‌లో సూర్యుడు ఆరుకు పది నిమిషాల ముందు అస్తమిస్తాడు. ఐదింటికల్లా బంకు చేరతాను, ఇంకా యాభై నిమిషాల వెలుగు. షీట్‌లో అదీ ఆకుపచ్చే.

వాచీ నా మాట వింటుంది, సూర్యుడు వినడు కదా. తూర్పుకు పదిహేను డిగ్రీలు జరిగాను. పదిహేను డిగ్రీలకు గంట. ఇదీ ఏడో తరగతే. దీని మీదే నాకు జీతమిస్తున్నారు. నా వాచీలో ఐదు కాకముందే నా వెనకాల పొద్దు గుంకింది.

దానికి కొంచెం ముందు బండి ఆగింది. దగ్గు లేదు, జంకు లేదు. హ్యాండిల్ తిప్పుతున్నాను, చప్పుడు లేదు, గాలే బండిని నిలబెట్టేసింది. ట్యాంకు మూత తీసి ఊపాను. అడుగున చెంచాడు కదిలినట్టు వినిపించింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నల్లర్‌బోర్ బంకు ఇంకా ఇరవై కిలోమీటర్ల పైనే.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడకు కూడా చాలాకాలం చెప్పలేదు. నేను మొట్టమొదట చేసిన పని కెమెరా ఆన్ చేయడం. "ఫ్రెండ్స్, చుట్టూ వందల కిలోమీటర్లు ఎవరూ లేరు" అని గంభీరంగా మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఒక పికప్ బండి వచ్చింది. వేగం తగ్గించి, అద్దం దించి, లోపలి మనిషి బొటనవేలు పైకెత్తి కళ్ళతోనే అడిగాడు, బాగానే ఉందా అని. ఆ దారిలో ఆగి ఉన్న బండిని అడగకుండా ఎవరూ పోరు. నేను కూడా బొటనవేలు పైకెత్తాను. ఎందుకెత్తానంటే ఏం చెప్పను? పెట్రోలు అయిపోయిందని చెప్పడం సిగ్గు. పైగా నా డైలాగు మధ్యలో ఉంది. అతను వెళ్ళిపోయాడు. ఎర్ర లైట్లు రెండూ చుక్కంత అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. "ఎవరూ లేరు" అన్న మాట అప్పుడు నిజమైంది, నా చేతులారా.

చీకటి పడేవేళకు కంగారూలు మేతకు రోడ్డు అంచుకు వస్తాయి. పగలంతా దారి పొడవునా వాటి కళేబరాలు, వాటి మీద వాలిన గద్దలు చూస్తూనే వచ్చాను. ఆ గద్దలు రెక్కలు చాపితే రెండు మీటర్ల పైనే ఉంటాయి, కడుపునిండా తిని బరువుగా లేస్తాయి. అప్పుడు వాటినీ వీడియో తీశాను. ఇప్పుడు పొదల్లో ఏ ఆకు కదిలినా గుండె జారుతోంది. పాము పట్టీలు గుర్తొచ్చాయి. బయటికి తీయలేదు, ఆ మాత్రం బుద్ధి మిగిలింది.

వచ్చిందొక కారవాన్. లాగుతున్న బండి ముందు ఇనుప కమ్మీల రక్షణ, పైన వరసగా పెద్ద లైట్లు. డెబ్బై దాటిన భార్యాభర్తలు. ఉద్యోగాలు అయిపోయాక ఇల్లు వెనక తగిలించుకుని దేశమంతా తిరిగే ఇలాంటి జంటలు ఆ రోడ్డు మీద చాలామంది. ఈసారి బొటనవేలు ఎత్తలేదు, రెండు చేతులూ ఎత్తాను. ఆవిడ దిగి అడిగిన మొదటి మాట పెట్రోలు గురించి కాదు. "నీళ్ళున్నాయా నాయనా?" అంది. వాళ్ళది డీజిల్ బండి. అయినా కారవాన్‌లో చిన్న జనరేటర్‌కని ఒక డబ్బాలో పెట్రోలు పెట్టుకున్నారు. అదీ ఎర్ర ప్లాస్టిక్ డబ్బానే. గరాటు లేకపోతే ఆయన నీళ్ళ సీసాను చాకుతో అడ్డంగా కోసి, మూత వైపు ట్యాంకులో పెట్టి, గాలికి చుక్క పోకుండా తన టోపీ అడ్డం పెట్టి పోశాడు. ఆయన చేతులు కొంచెం వణుకుతున్నాయి, ఒక్క చుక్క కిందపడలేదు. ఈలోగా ఆవిడ ఫ్లాస్కులోంచి చాయ్ పోసి, కొబ్బరి పొడి అద్దిన కేకు ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే ఆయన జేబు వైపు చూడనుకూడా లేదు.

"నువ్వు ముందు పో. అరవై దాటకు. నా లైట్లు నీకంటే దూరం పోతాయి. నువ్వు మళ్ళీ ఆగితే నాకు కనిపించాలి" అన్నాడు.

అలా వాళ్ళు వెనక, నేను ముందు, బంకు దాకా వచ్చాం. హారన్ ఒకసారి కొట్టి కారవాన్లు ఆపుకునే వైపు పోయారు. పొద్దున కలిసి మంచిగా మాట్లాడదామనుకున్నాను. నేను లేచేసరికి వాళ్ళ చోటు ఖాళీగా ఉంది. పేర్లు కూడా అడగలేదు.

సెడూనాలో చెక్‌పోస్ట్ ఉంది. పండ్లను పాడుచేసే ఈగ తమ రాష్ట్రంలోకి రాకుండా, తూర్పుకు పోయే ప్రతి బండినీ ఆపి పండ్లూ కూరగాయలూ వెతుకుతారు. నా సంచిలోని పచ్చిమిరపకాయలు, నిమ్మకాయలు చెత్తబుట్టలోకి పోయాయి. తర్వాత మా ఆవిడ పెట్టిచ్చిన మామిడికాయ తొక్కు సీసా బయటపడింది. అధికారి మూత తీశాడు. నూనె తేలిన ఎరుపు, మెంతిపొడి ఘాటు. ఆయన తల వెనక్కి పోయింది. ఊరగాయ కాబట్టి ఫరవాలేదన్నాడు. నేను పొంగిపోయి కాయ ఎలా కొడతారో, ఆవాలు ఎందుకు వేస్తారో వివరించి, ఒక ముక్క రుచి చూడమన్నాను. డ్యూటీలో ఉన్నానని నవ్వాడు. అదంతా వీడియోలో ఉంది.

ఆ వీడియో సంగతే. పేరు "నల్లర్‌బోర్ సోలో". కైగూనా దగ్గర చెప్పిన వ్యాఖ్యానం ఇలా మొదలవుతుంది: ఈ రహదారికి పేరిచ్చిన ఎడ్వర్డ్ జాన్ ఎయిర్ 1841లో ఒంటరిగా ఈ నేలను దాటాడు అని. అబద్ధం. ఏప్రిల్ 29 రాత్రి అతని సహచరుడు బాక్‌స్టర్ హత్యకు గురయ్యాక, సామాను చాలావరకు పోయాక, ఎయిర్ వెంట నిలిచినవాడు వైలీ. ఆల్బనీ ప్రాంతపు ఆదివాసీ యువకుడు. జూన్‌లో తీరాన కనిపించిన ఒక ఫ్రెంచి తిమింగిలాల వేట ఓడ కెప్టెన్ రాసిటర్ వాళ్ళిద్దరికీ రెండు వారాలు తిండి పెట్టి, కొత్త బట్టలిచ్చి పంపకపోతే జులైలో ఆల్బనీ చేరేవాళ్ళే కాదు. ఇది నాకు తెలియక కాదు, బయల్దేరే ముందే చదివాను. "ఇద్దరు" అంటే వాక్యం పండటం లేదని వైలీని తీసేశాను. అదే చేత్తో ఎడిటింగులో కారవాన్‌ను తీసేశాను. పికప్ మనిషినీ తీసేశాను. బండి ఆగడం, నా గంభీరమైన మాటలు, చీకటి, వెంటనే చీకట్లో దూసుకుపోతున్న నేను, వెనక వీణ. చూసినవాళ్ళు ఏదో అద్భుతం జరిగిందనుకున్నారు. భోజనాల్లో ఇప్పుడు నాకూ ఒక కథ ఉంది. మారథాన్ ఆవిడ కూడా నోరు తెరుచుకుని వింది.

మా ఆవిడ ఆ వీడియోను ఒక్కసారి పూర్తిగా చూసింది, చిక్కుడుకాయలు ఒలుస్తూ. చీకట్లో పోతున్న ముక్క వచ్చినప్పుడు వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. హెల్మెట్ మీది కెమెరా తీసినది అది. తారు రోడ్డు, దాని మీద బండి నీడ, నా తల నీడ, పొడుగ్గా ముందుకు సాగి.

"నీ నీడ ముందటికెట్ల పడ్డది?" అంది.

"ఏదో లారీ వస్తుండె వెనక."

"గింతసేపా? దాటి పోదా లారీ?"

చిక్కుడుకాయ నార తీస్తూనే ఉంది, నా వైపు చూడలేదు. చెప్పేశాను. గాలి, పెట్రోలు, బొటనవేలు, సీసా గరాటు, టోపీ, కేకు, అన్నీ. ఆమె వాచీ దగ్గర నవ్వింది. బొటనవేలు దగ్గర నవ్వలేదు. అంతా అయ్యాక గిన్నె పక్కన పెట్టి అడిగింది.

"చెక్‌పోస్టు సారును రుచి చూడుమని బతిమాలినవ్ గదా. పెట్రోలు పోసినోళ్ళకు, చాయ్ తాపినోళ్ళకు ఇంత తొక్కు పెట్టాలని తెల్వలేదా?"

"ముసలోళ్ళు గదా, కారం పడదేమోనని..." అని నసిగాను.

అదీ అబద్ధమే. అప్పుడా సీసా నాకు గుర్తే రాలేదు.